ఒకే బండి, నాలుగు కిరాయిలు: ఎక్కింపులు, దింపులతో రూటు వేసే పద్ధతి

పొద్దున తొమ్మిది. ట్రాలీ ఆటో స్టాండులో ఉంది. ఫోన్లో నాలుగు కిరాయిలు వచ్చి ఉన్నాయి. హోల్‌సేల్ షాపు నుంచి ఒక మెస్సుకి బియ్యం. ఫర్నిచర్ షాపు నుంచి ఒక ఇంటికి బీరువా. డీలరు దగ్గర నుంచి ఇల్లు కడుతున్న చోటికి సిమెంటు. ఒకరింటి నుంచి రిపేరు షాపుకి ఫ్రిజ్. బండి ముందు ఎటు తిప్పాలి?

విజయవాడలో మా బావకి ఇలాంటి బండి ఉంది. చాలాకాలంగా రాత్రి భోజనాలయ్యాక కూర్చుని మర్నాటి రూటు వేసేది నేనే. మొదట్లో ఫోన్ వచ్చిన వరసలోనే వెళ్లేవాళ్లం, ఒక కిరాయి పూర్తిచేసి ఇంకొకటి. రోజంతా బండి తిరిగేది, అందులో సగం దూరం ఖాళీగానే. కాగితం మీద పద్ధతిగా వేయడం మొదలుపెట్టాక డీజిల్ ఖర్చులో తేడా కళ్లకి కనిపించింది. ఆ పద్ధతినే ఇక్కడ మొదటి నుంచి చెబుతాను. పెన్ను, గళ్ల కాగితం ఉంటే చాలు. ప్రోగ్రామింగ్ వచ్చినవాళ్లు ఇవే మెట్లు కోడ్‌లో రాసుకోవచ్చు.

ఇది కొరియర్ సమస్య కాదు

కొరియర్ బండి పొద్దున అన్నీ ఒకేచోట ఎక్కించుకుని బయలుదేరుతుంది. ఏ ఇంటికి ముందు వెళ్లినా ఇబ్బంది లేదు, దూరం తగ్గితే చాలు. మన బండికి అలా కుదరదు. ప్రతి సరుకుకీ ఎక్కించే చోటు వేరు, దింపే చోటు వేరు. అందుకని మూడు షరతులు వచ్చి పడతాయి. ఎక్కించాకే దింపాలి. బండి మీద ఉన్న బరువు ఏ క్షణంలోనూ పరిమితి దాటకూడదు. బయలుదేరిన స్టాండుకే తిరిగి రావాలి.

అన్ని వరసలూ రాసుకుని తక్కువ దూరం ఉన్నది ఎంచుకుంటే సరిపోదా అనిపిస్తుంది. నాలుగు కిరాయిలకి, అంటే ఎనిమిది ఆగుళ్లకి (బండి ఆగే చోట్లకి), ఎక్కింపు ముందు దింపు తర్వాత అనే షరతు పాటించే వరసలు 2,520. ఐదు కిరాయిలకి 1,13,400. పది కిరాయిలకి సుమారు 2,376 లక్షల కోట్లు. చేత్తో మాట అటుంచండి, కంప్యూటర్ కూడా ఒక్కొక్కటే చూసుకుంటూ పోలేదు. 1980లో హారిలావోస్ సరాఫ్టిస్ అనే పరిశోధకుడు ఒకే బండి సమస్యకి, చిన్న భాగాల సమాధానాలు దాచుకుంటూ పెద్ద సమాధానం కట్టే డైనమిక్ ప్రోగ్రామింగ్‌తో కచ్చితమైన సమాధానం తెచ్చే దారి చూపించాడు. అందులో కూడా ఒక్క కిరాయి పెరిగితే పని మూడు రెట్లకి పైగా పెరుగుతుంది. కాబట్టి రోజువారీ పనికి హ్యూరిస్టిక్స్ కావాలి. అంటే తక్కువ లెక్కతో మంచి రూటు ఇచ్చే ఉపాయాలు. అన్నిటికన్నా మంచిదే వస్తుందని హామీ ఉండదు, అయినా చాలాసార్లు దాని దగ్గరికి చేరుస్తాయి.

మెట్టు 1: కాగితం మీద పెట్టడం

గళ్ల కాగితం మీద ఒక గడి అంటే ఒక కిలోమీటరు అనుకుందాం. మొదటి అంకె తూర్పుకి ఎన్ని కిలోమీటర్లో, రెండోది ఉత్తరానికి ఎన్నో చెబుతుంది. సరుకు పేరు పక్కన + ఉంటే ఎక్కింపు, − ఉంటే దింపు.

స్టాండు: (0, 0)
బియ్యం, 400 కిలోలు: + (2, 1), − (6, 5)
బీరువా, 100 కిలోలు: + (5, 1), − (1, 4)
సిమెంటు, 300 కిలోలు: + (6, 2), − (3, 6)
ఫ్రిజ్, 60 కిలోలు: + (1, 2), − (4, 3)

బండి పరిమితి 650 కిలోలు అనుకుందాం. రోడ్లన్నీ గళ్ల వెంబడే ఉన్నాయనుకుంటే రెండు చోట్ల మధ్య దూరం అంటే తూర్పు పడమరల తేడా, ఉత్తర దక్షిణాల తేడా కలిపిన మొత్తం. స్టాండు నుంచి బియ్యం+ కి 2 + 1 = 3 కిలోమీటర్లు. అన్ని జంటలకీ ఇలా ఒక పట్టిక రాసుకోండి.

ఇది నేర్చుకోవడానికి పెట్టుకున్న లెక్క. నిజం ఊళ్లో గళ్ల దూరం గానీ, మ్యాపు మీద స్కేలు పెట్టి కొలిచిన దూరం గానీ నమ్మకండి. విజయవాడలో ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ ఊరిని కోస్తూ పోతాయి. ఎదురుగా కనిపించే వీధికి వెళ్లాలన్నా వంతెన దాకా వెళ్లి చుట్టి రావాల్సిందే. రైలు పట్టాలు, వన్‌వేలు సరేసరి. అందుకే వెళ్లే దూరం, వచ్చే దూరం ఒకటి కాకపోవచ్చు, రెండూ విడివిడిగా రాయండి. కంప్యూటర్‌లో చేసేవాళ్లకి ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అనే ఉచిత మ్యాపు ఆధారంగా నడిచే ఓఎస్‌ఆర్‌ఎం లాంటి ఉచిత సాధనాలు ఈ పట్టికని రోడ్ల వెంబడే లెక్కించి ఇస్తాయి. పట్టిక తప్పయితే ఆ తర్వాత ఎంత తెలివిగా చేసినా రూటు తప్పే వస్తుంది. అందుకే నేను ఎక్కువ సమయం దీని మీదే పెడతాను.

మెట్టు 2: పోల్చుకోవడానికి ఒక అంకె

ఫోన్ వచ్చిన వరసలో ఒక్కో కిరాయి పూర్తిచేస్తూ పోతే ఎంతవుతుందో ముందు చూడండి.

స్టాండు, బియ్యం+, బియ్యం−, బీరువా+, బీరువా−, సిమెంటు+, సిమెంటు−, ఫ్రిజ్+, ఫ్రిజ్−, స్టాండు: 3 + 8 + 5 + 7 + 7 + 7 + 6 + 4 + 7 = 54 కిలోమీటర్లు.

ఈ 54 పక్కన రాసి పెట్టుకోండి. ఇక మీదట వేసే ప్రతి రూటునీ దీనితోనే పోలుస్తాం.

మెట్టు 3: దగ్గరిది ముందు

అందరికీ తోచే ఉపాయం ఇది. ఉన్న చోటు నుంచి షరతులు తప్పకుండా వెళ్లగలిగే వాటిలో అతి దగ్గరి దానికి వెళ్లడం. ఇంకా ఎక్కించని సరుకు దింపు చోటు జాబితాలో ఉండదు. ఎక్కిస్తే బరువు పరిమితి దాటే సరుకూ ఉండదు.

స్టాండు నుంచి బియ్యం+, ఫ్రిజ్+ రెండూ 3 కిలోమీటర్లే. ఫ్రిజ్‌తో మొదలుపెడదాం. అక్కడి నుంచి బియ్యం+ కి 2. ఇప్పుడు బండి మీద 460 కిలోలు. తర్వాత దగ్గరిది బీరువా+, 3 కిలోమీటర్లు, బరువు 560. సిమెంటు+ ఇక్కడికి 2 కిలోమీటర్లే, కానీ ఎక్కిస్తే 860 అవుతుంది, కుదరదు. ఫ్రిజ్− కి 3, బియ్యం− కి 4, సిమెంటు+ కి 3, సిమెంటు− కి 7, బీరువా− కి 4, స్టాండుకి 5. మొత్తం 34.

54 నుంచి ఒక్కసారిగా 34. అయితే ఈ పద్ధతి కాళ్ల ముందు ఉన్నదే చూస్తుంది. దారిలో కనిపించిందల్లా చేసుకుంటూ పోయి, ఏదో ఒక దింపుని ఊరి చివర వదిలేసి, ఆఖర్లో దానికోసం మళ్లీ పరిగెత్తిస్తుంది. నేను దీన్ని మొదటి చిత్తుప్రతిగానే వాడతాను.

మెట్టు 4: జంటగా ఇరికించడం

నా దృష్టిలో ఈ పని అంతటికీ ప్రాణం ఇదే. ఒక కిరాయిని ఒక చోటుగా కాకుండా ఒక జంటగా చూడాలి. ఉన్న రూటులో ఎక్కింపుకి ఒక సందు (అంటే రెండు ఆగుళ్ల మధ్య చోటు), దింపుకి ఒక సందు వెతికి, రెండిటి అదనపు దూరం కలిపి ఏది తక్కువో చూడాలి. ఒక చోటుని రెండు ఆగుళ్ల మధ్య ఇరికిస్తే అదనం ఎంతంటే, దానికి వెళ్లే దూరం, దాని నుంచి ముందుకి వెళ్లే దూరం కలిపి, అందులోంచి ఇదివరకటి నేరు దూరం తీసేయాలి.

దేనితో మొదలుపెట్టాలి? బరువైనది, దూరం ఎక్కువున్నది ముందు వేయండి. చిన్న సరుకులు తర్వాత ఏ సందులోనైనా పడతాయి. పెద్దవాటికి ఆఖర్లో చోటు దొరకదు.

బియ్యంతో మొదలు: స్టాండు, బియ్యం+, బియ్యం−, స్టాండు. 3 + 8 + 11 = 22.

తర్వాత సిమెంటు. బియ్యం, సిమెంటు కలిపితే 700 కిలోలు, రెండూ ఒకేసారి బండి మీద ఉండకూడదు. కాబట్టి బియ్యం దింపాకైనా సిమెంటు ఎక్కించాలి, సిమెంటు దింపాకైనా బియ్యం ఎక్కించాలి. సిమెంటు ముందు అయితే మొత్తం 40. బియ్యం ముందు అయితే 3 + 8 + 3 + 7 + 9 = 30. రెండోదే నయం.

బీరువా. బియ్యం+ కి, బియ్యం− కి మధ్య బీరువా+ పెడితే 3 + 5 − 8 = 0. సిమెంటు− కి, స్టాండుకి మధ్య బీరువా− పెడితే 4 + 5 − 9 = 0. ఒక కిరాయి మొత్తం అదనపు దూరం లేకుండా పడింది. ఇలా పడ్డ రోజు నాకు ఎంత సంతోషమో చెప్పలేను.

ఇక ఫ్రిజ్. ఇక్కడే జాగ్రత్త. రూటు ఆఖర్లో బీరువా− నుంచి స్టాండుకి వస్తున్న దారిలోనే ఫ్రిజ్+ ఉంది. అదనం 2 + 3 − 5 = 0. దారిలోనే ఉంది కదా, ఎక్కించుకుందాం అనిపిస్తుంది. కానీ ఎక్కించాక రిపేరు షాపుకి వెళ్లాలి, అక్కడి నుంచి మళ్లీ స్టాండుకి రావాలి. జంటగా లెక్కేస్తే 2 + 4 + 7 − 5 = 8 కిలోమీటర్లు అదనం. అదే స్టాండుకి, బియ్యం+ కి మధ్య ఫ్రిజ్+ పెడితే 3 + 2 − 3 = 2. ఫ్రిజ్− ని సిమెంటు+ కి, సిమెంటు− కి మధ్య పెడితే 3 + 4 − 7 = 0. మొత్తం 2 కిలోమీటర్లే. ఎక్కింపు చవగ్గా కనిపించిన సందు జంటకి ఖరీదైనది, ఎక్కింపుకి 2 అడిగిన సందే జంటకి చవక.

రూటు: స్టాండు, ఫ్రిజ్+, బియ్యం+, బీరువా+, బియ్యం−, సిమెంటు+, ఫ్రిజ్−, సిమెంటు−, బీరువా−, స్టాండు. మొత్తం 32.

ఇరికించిన ప్రతిసారీ బరువు వరసగా రాసి చూడాలి. ఇక్కడ 60, 460, 560, 160, 460, 400, 100, 0. ఎక్కడా 650 దాటలేదు. ఎక్కింపుకి, దింపుకి మధ్య ఉన్న ఆగుళ్లన్నిటి దగ్గరా ఆ బరువు కలుస్తుంది. ఒక్క ఎక్కింపు దగ్గరే చూసి వదిలేస్తే దారి మధ్యలో బండి ఓవర్‌లోడ్ అవుతుంది.

కిరాయిలు ఎనిమిది, తొమ్మిది అయితే ఏది ముందు ఇరికించాలన్నదానికి ఇంకో ఉపాయం ఉంది, దాన్ని రిగ్రెట్ అంటారు. ప్రతి కిరాయికీ అతి మంచి సందు, దాని తర్వాతి సందు చూసి, రెండిటి తేడా ఏ కిరాయికి ఎక్కువో దాన్ని ముందు వేయాలి. ఇప్పుడు వేయకపోతే ఎక్కువ నష్టం దానితోనే కదా.

మెట్టు 5: మరమ్మతు

మెట్టు 3లో వచ్చిన 34 కిలోమీటర్ల రూటుకి మళ్లీ వెళ్దాం. అందులో ఫ్రిజ్− బీరువా+ కి, బియ్యం− కి మధ్య ఉంది. దాన్ని అక్కడి నుంచి తీసేస్తే 3 + 4 పోయి 5 మిగులుతుంది, అంటే 2 కిలోమీటర్లు ఆదా. సిమెంటు+, సిమెంటు− మధ్య పెడితే అదనం 0. రూటు 32కి వచ్చింది. ఇలా ఒకటి నుంచి మూడు ఆగుళ్ల ముక్కని తీసి వేరేచోట పెట్టి చూడటాన్ని ఆర్-ఆప్ట్ అంటారు. 1976లో ఇల్హాన్ ఆర్ తన పీహెచ్‌డీ పనిలో ఇచ్చిన పద్ధతి ఇది, ఆయన పేరు మీదుగానే పిలుస్తారు. ఏ ఆగుని ఎటు జరిపినా మూడు చూసుకోండి: దింపు తన ఎక్కింపు కన్నా ముందుకి పోలేదు కదా, బరువు దాటలేదు కదా, దూరం తగ్గింది కదా.

2-ఆప్ట్ అనే ఇంకో ప్రసిద్ధ పద్ధతి ఉంది. రూటులో ఒక ముక్కని తిరగేసి చూస్తుంది. కొరియర్ బండికి అద్భుతంగా పనిచేస్తుంది. మనకి మాత్రం తిరగేసిన ముక్కలో ఒకే సరుకు ఎక్కింపు, దింపు రెండూ ఉంటే సిమెంటు ఎక్కించకముందే దింపమని చెబుతుంది. అలాంటి ముక్కలని ముందే వదిలేయాలి. పైగా తిరగేస్తే మధ్యలో బరువుల వరస కూడా మారిపోతుంది. అందుకే చేత్తో చేసేటప్పుడు నేను దీని జోలికి ఎక్కువ వెళ్లను.

మంచి ఫలితం ఇచ్చేది ఇంకొకటి. ఒక కిరాయిని, ఎక్కింపు దింపు రెండూ కలిపి, రూటు నుంచి పూర్తిగా పీకేసి మెట్టు 4 ప్రకారం మళ్లీ ఇరికించండి. ఒక్కొక్క కిరాయినీ అలా చేసి, తర్వాత రెండేసి కిరాయిలని పీకి చూడండి. 2006లో రోప్కే, పిసింజర్ ఎక్కింపు-దింపు సమస్యల మీద ప్రచురించిన పేరున్న పద్ధతికి ఇదే పునాది. కొంత పీకడం, తిరిగి కట్టడం, ఏ రకంగా పీకితే ఫలితం బాగుందో గుర్తుపెట్టుకుని దాన్ని ఎక్కువ వాడటం. అప్పుడప్పుడు కాస్త చెడ్డ రూటుని కూడా ఒప్పుకుంటూ పోతుంది, లేకపోతే మొదట దొరికిన గుంటలోనే ఇరుక్కుపోతుంది.

మెట్టు 6: ఎక్కడ ఆపాలి?

32 కన్నా తక్కువ ఉందా అని టెన్షన్ పడకుండా కింది హద్దు, అంటే ఏ రూటూ ఇంతకన్నా తగ్గదని చెప్పే అంకె, ఒకటి కట్టి చూడండి. బియ్యం, సిమెంటు కలవకూడదు కాబట్టి ఏ రూటులోనైనా ఒకటి పూర్తయ్యాకే రెండోది. సిమెంటు ముందైతే ఆ రెండిటికే 40. బియ్యం ముందైతే 30. ఇప్పుడు ఫ్రిజ్+ చూడండి. ఈ 30 కిలోమీటర్ల దారిలో దాన్ని ఉచితంగా తాకగలిగేది ఆఖరి ముక్కలో, సిమెంటు దింపి స్టాండుకి వచ్చేటప్పుడే. అప్పుడు ఎక్కిస్తే రిపేరు షాపుకి వెనక్కి వెళ్లాలి. మిగతా ముక్కల్లో ఎక్కించాలంటే పక్కకి వెళ్లి రావాలి, కాబట్టి ఎలా చూసినా కనీసం 2 పడతాయి. 32 కన్నా తక్కువ కుదరదు. మన రూటు ఉజ్జాయింపుగా మొదలై అసలు సమాధానానికే చేరింది.

ప్రతిరోజూ ఇంత చక్కగా తేలదు. అయినా కలవకూడని రెండు పెద్ద సరుకులని పట్టుకుంటే హద్దు చాలాసార్లు దొరుకుతుంది. మన రూటుకి, హద్దుకి మధ్య రెండు మూడు కిలోమీటర్లే ఉంటే ఇక ఆపేసి పడుకోవచ్చు.

మెట్టు 7: టైము

మెస్సు వాళ్లు 10:15 లోపు బియ్యం కావాలన్నారనుకోండి. ఊళ్లో గంటకి 20 కిలోమీటర్లు, అంటే కిలోమీటరుకి 3 నిమిషాలు. ప్రతి ఆగు దగ్గరా 15 నిమిషాలు. తొమ్మిదికి బయలుదేరితే ఫ్రిజ్+ 9:09, బియ్యం+ 9:30, బీరువా+ 9:54, బియ్యం− 10:24. తొమ్మిది నిమిషాలు ఆలస్యం.

రూటు మొత్తం చింపేయక్కర్లేదు. ఆలస్యానికి కారణమైన బీరువా జంటని పీకండి. బియ్యం+ నుంచి నేరుగా బియ్యం− కి వెళ్తే 10:09కే మెస్సు దగ్గర ఉంటాం. ఇక బీరువా+ ని మెస్సు తర్వాత వచ్చే సందుల్లో చూడండి. సిమెంటు+ కి, ఫ్రిజ్− కి మధ్య 2 + 3 − 3 = 2. బీరువా− ఉన్నచోటే ఉంటుంది. కొత్త రూటు: స్టాండు, ఫ్రిజ్+, బియ్యం+, బియ్యం−, సిమెంటు+, బీరువా+, ఫ్రిజ్−, సిమెంటు−, బీరువా−, స్టాండు. 34 కిలోమీటర్లు. రెండు కిలోమీటర్లు ఎక్కువ, మాట నిలబడింది.

ప్రతి ఆగు పక్కన ఇంకా ఎన్ని నిమిషాలు ఆలస్యమైనా పర్లేదో రాసి పెట్టుకుంటే దారిలో చాలా పనికొస్తుంది. ఇక్కడ మెస్సు దాకా ఉన్న వెసులుబాటు 6 నిమిషాలు. ఫ్రిజ్ దగ్గర ఇంటివాళ్లు తలుపు తీయడానికి పది నిమిషాలు చేస్తే ఏం చేయాలో డ్రైవరుకి అప్పటికప్పుడు తెలిసిపోతుంది.

మెట్టు 8: బండి మీద సర్దుబాటు

కాగితం మీద 32 కిలోమీటర్ల రూటు ముచ్చటగా ఉంటుంది. బండి వెనక నిలబడి చూస్తే వేరే సంగతి. మెస్సు దగ్గర దిగాల్సింది బియ్యం, దానికి అడ్డంగా చివర ఎక్కించిన బీరువా ఉంటుంది. 100 కిలోల బీరువాని దింపి, బస్తాలు తీసి, మళ్లీ బీరువా ఎక్కించాలి. హమాలీలు ఊరికే చేయరు, చేసినా గీతలు పడితే షాపువాళ్లు ఒప్పుకోరు. ఒకసారి ఇలాగే బీరువా అద్దం పగిలి మేమే డబ్బు కట్టాం.

ప్రతి దింపు పక్కన ఏది అడ్డమో రాయండి. ఒక్కో అడ్డానికి పట్టే నిమిషాలని రూటు ఖర్చులో కలపండి. బీరువా తీసి పెట్టడానికి 10 నిమిషాలు అనుకుంటే అది 3 కిలోమీటర్ల ప్రయాణం కన్నా ఎక్కువ. అప్పుడు మెస్సు వాళ్లు తొందరపెట్టకపోయినా, బియ్యం దిగాకే బీరువా ఎక్కించే 34 కిలోమీటర్ల రూటే మెస్సు దగ్గర నయం. ఆ తర్వాతి ఆగుళ్ల దగ్గర అడ్డాలు తగ్గించాలంటే పక్క డోరు తెరుచుకునే వైపు ముందు దిగేవి, ఫ్రిజ్‌ని నిలువుగా క్యాబిన్ పక్కన ఒక మూలకి, సిమెంటు బస్తాలు నేల మీద పరిచి. కిలోమీటర్లలో కాకుండా మొదటి నుంచీ నిమిషాల్లో లెక్కేసుకుంటే దూరం, ఎత్తిదింపే పని ఒకే కొలతలోకి వస్తాయి. ఇప్పుడు నేను అలాగే చేస్తున్నాను.

దారిలో ఫోన్ వస్తే

32 కిలోమీటర్ల రూటులో బియ్యం దింపి బండి (6, 5) దగ్గర ఉంది. ఒక కొత్త కిరాయి: (6, 3) నుంచి (2, 5) కి, 40 కిలోలు. అయిపోయిన ఆగుళ్లని మరచిపోండి, మిగిలిన సందుల్లోనే ఇరికించండి. సిమెంటు+ కి వెళ్లే దారిలోనే ఎక్కింపు, అదనం 0. సిమెంటు− నుంచి బీరువా− కి వెళ్లే దారిలోనే దింపు, అదనం 0. వెంటనే ఒప్పుకోవచ్చు.

ఇంకొకరు (2, 2) నుంచి (6, 6) కి అడిగారు, బరువు అంతే. మిగిలిన సందులన్నీ చూస్తే చవకైనది సిమెంటు+ తర్వాత ఎక్కించి, ఫ్రిజ్− తర్వాత దింపడం: 4 + 4, మొత్తం 8 కిలోమీటర్లు. సరుకు ప్రయాణించే దూరం మొదటిదాంట్లో 6, దీంట్లో 8, పెద్ద తేడా లేదు. మన బండికి మాత్రం ఒకటి ఉచితం, ఇంకొకటి 8 కిలోమీటర్ల డీజిల్. కిరాయి చెప్పేముందు ఈ అదనాన్ని లెక్కేయమని మా బావకి చెబుతుంటాను. ఇప్పుడాయన ఫోన్ పెట్టేయకుండానే మనసులో లెక్కేసి చెప్పేస్తున్నాడు.

కంప్యూటర్‌లో చేయాలంటే

పది పన్నెండు కిరాయిలు దాటితే చేత్తో కష్టం. గూగుల్ వారి ఓఆర్-టూల్స్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది, పైథాన్‌లో వాడుకోవచ్చు. దూరాల పట్టిక, ఎక్కింపు-దింపు జంటలు, బరువులు ఇస్తే మొదటి రూటు కట్టి మరమ్మతు కూడా అదే చేస్తుంది. జంట అని చెప్పడంతో ఆగకండి. ఎక్కింపు దగ్గర అప్పటిదాకా తిరిగిన దూరం దింపు దగ్గరి దూరం కన్నా ఎక్కువ కాకూడదనే షరతు విడిగా రాయండి. బరువులో ఎక్కింపుకి కూడిక, దింపుకి తీసివేత వేయండి. మొదట మన నాలుగు కిరాయిల లెక్క ఇచ్చి 32 వస్తుందో లేదో చూడండి. రాకపోతే షరతుల్లో ఎక్కడో పొరపాటు ఉంది, పెద్ద లెక్కకి వెళ్లకండి.

సాయంత్రం బండి తిరిగొచ్చాక డ్రైవరు దగ్గర ప్రతి ఆగు దగ్గరా పట్టిన అసలు నిమిషాలు అడిగి పట్టికలో పెన్సిల్‌తో దిద్దండి. మా నోట్‌బుక్కులో ఒక హోల్‌సేల్ బజారు పక్కన మొదట 15 అని ఉండేది. కొట్టేసి 25, అది కూడా కొట్టేసి పొద్దున 35, మధ్యాహ్నం 20 అని రాశాం.